బొద్దు పిల్లల రిపోర్టులో డీ విటమిన్: ఆ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పోయిన నెల్లో నెల్లూరు వేదాయపాళెం నుంచి మా అక్క ఫోన్ చేసింది. ఆమె చిన్న కూతురికి పదకొండేళ్లు, ఆరో తరగతి. ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. మోకాళ్లు నొప్పులంటుంటే పొగతోటలో పిల్లల డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించారు. "డీ విటమిన్ పద్నాలుగే ఉందంట. అందుకే పిల్ల ఇట్ట ఒళ్లు చేసిందంట. మందేస్తే తగ్గిపోద్దంటగా?" అంది. ఆ మాట డాక్టరు చెప్పింది కాదు. ల్యాబు దగ్గర బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ చెప్పింది.

ఈ మధ్య ఇలాంటి ఫోన్లు నాకు ఎక్కువగానే వస్తున్నాయి. ఒంగోలు నుంచి ఒకరు, కావలి నుంచి ఒకరు. అందరిదీ దాదాపు ఇదే మాట: పిల్ల లావు, డీ విటమిన్ తక్కువ, కాబట్టి డీ విటమిన్ పోస్తే లావు తగ్గుతుంది. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం తలకిందులు. ఆ తలకిందుల లెక్క వల్లే కొందరు పిల్లలకు చాలీచాలని మందు, ఇంకొందరికి మోతాదు మించిన మందు పడుతోంది.

ముందు ఆ పద్నాలుగు దేనికి కొలతో చూద్దాం. మన చర్మంలో కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన ఒక పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకం దాని మీద పడితే అది డీ3గా మారుతుంది. తిండిలోంచి, మందులోంచి వచ్చేది కూడా ఇక్కడే కలుస్తుంది. అప్పటికి అది సరుకు మాత్రమే, పనిముట్టు కాదు. కాలేయానికి వెళ్లి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది, అక్కణ్ణుంచి మూత్రపిండాలకు వెళ్లి పనిచేసే రూపానికి వస్తుంది. పేగుల్లోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగేది ఈ చివరి రూపమే. ల్యాబులో కొలిచేది మాత్రం మధ్యలోని కాలేయం సరుకును, ఎందుకంటే అది రక్తంలో వారాల తరబడి నిలకడగా ఉంటుంది. అంటే రిపోర్టులోని అంకె రక్తంలో తిరుగుతున్న నిల్వకు లెక్క. ఒంట్లో మొత్తం ఎంత ఉందో అది చెప్పదు. ఈ తేడా దగ్గరికి మళ్లీ వద్దాం, అసలు కథ అక్కడే ఉంది.

పద్నాలుగు తక్కువేనా? ఎవరి గీతతో కొలుస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. చాలా ల్యాబుల కాగితం మీద మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు 'లోపం', 20 నుంచి 30 దాకా 'చాలదు', 30 దాటితే 'సరి' అని అచ్చేసి ఉంటుంది. ఇవి అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ, 2011లో పెట్టిన గీతలు. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పిల్లలకు వేరే గీతలు గీసింది: 12 లోపు లోపం, 12 నుంచి 20 దాకా చాలనితనం, 20 దాటితే చాలు. కాబట్టి 23 వచ్చిన పిల్లాడి కాగితం మీద ఎర్ర అక్షరాలు కనిపించినా, పిల్లల డాక్టరు లెక్కలో వాడు బాగానే ఉన్నట్టు. ఇంకో సంగతి, ఎండోక్రైన్ సొసైటీయే 2024లో కొత్త మార్గదర్శకాలు రాస్తూ ఆ 30 గీతను పక్కన పెట్టేసింది. ల్యాబుల కాగితాలు ఇంకా మారలేదు. అందుకే ఆ ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడొద్దని అందరికీ చెబుతుంటాను. మా అక్క కూతురి పద్నాలుగు మాత్రం ఏ గీతతో చూసినా తక్కువే.

"ఇంత ఎండలో ఉండే ఊళ్లో తక్కువేంది?" అని అక్క నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. నెల్లూరు ఎండ గురించి నెల్లూరోళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే మన పక్కనే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఆ చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్న మనుషులనే పరీక్షించింది. ఇద్దరిలోనూ డీ విటమిన్ తక్కువగా, తిండిలో కాల్షియం మరీ తక్కువగా ఉన్నట్టు 2007లో ప్రచురించింది. దేశం మొత్తం మీద 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, 12 లోపు గీతనే పట్టుకుని చూసినా, 1–4 ఏళ్ల పిల్లల్లో 14 శాతం, 5–9 ఏళ్ల వాళ్లలో 18 శాతం, 10–19 ఏళ్ల వాళ్లలో 24 శాతం మందికి లోపం కనిపించింది. వయసు పెరిగేకొద్దీ లోపం పెరుగుతోందన్న మాట. బడి, ట్యూషను, గది, ఫోను పెరిగేదీ ఆ వయసులోనే.

ఇక్కడే మనవాళ్లలో గట్టిగా నాటుకుపోయిన ఒక నమ్మకాన్ని కదిలించాలి. పొద్దున్నే లేత ఎండలో కూర్చోబెడితే డీ విటమిన్ వస్తుందంటారు. లేత ఎండ హాయిగా ఉంటుంది, కాదనను. కానీ సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు గాలి పొరలో ఏటవాలుగా చాలా దూరం రావాలి. ఆ దారిలో బి రకం కిరణాలు చాలావరకు ఇంకిపోతాయి. తిరుపతిలో అదే బృందం చేసిన కొలతల్లో ఈ తయారీకి అనువైన వేళ పగలు పదకొండు నుంచి రెండు దాకా అని తేలింది. ఇంట్లో పనికొచ్చే గుర్తు ఒకటుంది: మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే ఆ ఎండ పనిచేస్తుంది, పొడుగ్గా ఉంటే పెద్దగా పనిచేయదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండకు వెచ్చదనం తప్ప ఈ గుణం ఉండదు, అద్దం బి కిరణాలను ఆపేస్తుంది.

ఇప్పుడు మా చిన్నదాని రోజు చూడండి. పొద్దున ఏడుంబావుకు బస్సు. నీడ దానికన్నా రెండింతలు పైనే ఉండే వేళ. సాయంత్రం ఐదున్నరకు ఇంటికి. మధ్యలో పదకొండు నుంచి రెండు దాకా నాలుగు గోడల మధ్య. వారానికి రెండు ఆటల పీరియడ్లు కాగితం మీద ఉన్నాయి, వాటిని లెక్కల టీచరు వాడుకుంటుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పిల్లను వాకిట్లోకి తరమమని నేను చెప్పను, వడదెబ్బ కొడుతుంది. కానీ కార్తీకం నుంచి మాఘం దాకా పదకొండు గంటల ఎండ మన జిల్లాల్లో ఓర్చుకోగలిగినదే. ఆ నాలుగు నెలలూ చేతులూ కాళ్లూ ఎండకు తగిలేలా వారంలో మూడు నాలుగు రోజులు అరగంట ఆడుకోనిస్తే అది ఊరికే పోదు. మన చామనచాయకు తెల్లతోలు వాళ్లకన్నా ఎక్కువసేపు పడుతుందన్నది గుర్తుంచుకోవాలి.

సరే, ఇదంతా సన్నగా ఉన్న పిల్లలకూ వర్తించే సంగతే. బొద్దు పిల్లల్లో అదనంగా ఏమవుతోంది?

2000 సంవత్సరంలో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఈ చిక్కుకు తాళంచెవి లాంటిది. స్థూలకాయం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే మోతాదు అతినీలలోహిత కాంతిలో ఉంచారు. ఇద్దరి చర్మంలోనూ ముడిసరుకు ఒకేలా ఉంది. కానీ ఆ తర్వాత రక్తంలో పెరిగిన డీ3 స్థూలకాయుల్లో 57 శాతం తక్కువ. చర్మం తన పని తాను చేసింది, తయారైన సరుకు రక్తంలోకి మాత్రం రాలేదు. కారణం, డీ విటమిన్ కొవ్వులో కరిగేది. చర్మం కిందే ఉన్న కొవ్వు దాన్ని తనలో దాచేసుకుంది.

దీన్ని ఇంకోలా కూడా చెబుతారు, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. ఇంట్లో నలుగురికి చేసే చేపల పులుసులో రెండు చెంచాల ఉప్పు సరిపోతుంది. అదే రెండు చెంచాలు పెళ్లింటి గుండిగలో వేస్తే నాలుక్కు తగలదు. ఉప్పు తగ్గలేదు, పులుసు పెరిగింది. పెద్ద ఒంట్లో అదే మోతాదు డీ విటమిన్ పలచబడుతుంది. అందుకే ఇందాక అన్నాను, రిపోర్టు చూపేది రక్తంలో తిరుగుతున్నదాన్నే అని. వీటికి తోడు, కాలేయంలో 25-హైడ్రాక్సీ రూపం తయారయ్యే చోట కూడా స్థూలకాయంలో వేగం తగ్గుతున్నట్టు ఆధారాలు ఉన్నాయి. ఇక లావుగా ఉన్న పిల్లలు ఎండలోకి తక్కువ వెళ్లడం, గేలి చేస్తారని ఆటలకు దూరంగా ఉండడం మనం కళ్లారా చూస్తున్నదే. అమెరికాలో 6–18 ఏళ్ల పిల్లల లెక్కలు తీస్తే, 20 లోపు గీతతో, సరైన బరువున్న వాళ్లలో 21 శాతానికి, అధిక బరువులో 29 శాతానికి, స్థూలకాయంలో 34 శాతానికి, తీవ్ర స్థూలకాయంలో 49 శాతానికి లోపం ఉంది. మెట్లెక్కినట్టు పెరిగింది.

మరి ఏది ముందు? లావు వల్ల డీ తగ్గిందా, డీ తగ్గి లావయ్యారా? దీన్ని తేల్చడానికి 2013లో వేలాది మంది జన్యువులను వాడి ఒక పెద్ద విశ్లేషణ చేశారు. పుట్టుకతోనే బరువు పెరిగే జన్యువులు ఉన్నవాళ్లలో డీ విటమిన్ తక్కువగా ఉంది. పుట్టుకతోనే డీ విటమిన్ తగ్గించే జన్యువులు ఉన్నవాళ్లలో మాత్రం బరువు ఎక్కువగా లేదు. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, పది శాతం పెరిగితే డీ విటమిన్ సుమారు నాలుగు శాతం తగ్గుతోందని లెక్క కట్టారు. అంటే బాణం ఒకే వైపుకు ఉంది, లావు నుంచి లోపానికి. ల్యాబు బెంచీ మీద చెప్పిన మాట ఆ బాణాన్ని వెనక్కి తిప్పేసింది.

మందు ఇచ్చి చూసిన ప్రయోగాలూ ఇదే చెబుతున్నాయి. డీ విటమిన్ పోయడం వల్ల పిల్లల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గినట్టు నిలబడే ఆధారం లేదు. పెద్దవాళ్లలో మధుమేహం ముంగిట ఉన్న 2,423 మందికి రోజుకు 4,000 యూనిట్లు, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి 2019లో ఫలితం ప్రకటిస్తే, షుగరు రావడంలో గట్టి తేడా కనిపించలేదు. పిల్లల విషయంలో పిట్స్‌బర్గ్‌లో అధిక బరువుతో పాటు లోపం కూడా ఉన్న 10–18 ఏళ్ల వాళ్లు 225 మందికి ఆరు నెలలు రోజుకు 600, 1,000, 2,000 యూనిట్ల చొప్పున వేర్వేరుగా ఇచ్చారు. రక్తనాళాల తీరులో మార్పు లేదు. ఎక్కువ మోతాదు తీసుకున్న వాళ్లలో రక్తపోటు, ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగయ్యాయి. ఆశపడదగ్గ సంగతే, కానీ ఒక్క ప్రయోగం మీద ఇల్లు కట్టలేం.

ఇన్సులిన్ అంటే గుర్తొచ్చింది. మా చిన్నదాని మెడ వెనక నల్లగా, మందంగా పట్టినట్టు ఉంటుంది. మురికి అనుకుని అక్క రెండేళ్లుగా శనగపిండి పెట్టి రుద్దుతోంది, పిల్ల ఏడుస్తోంది. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒళ్లు ఎక్కువెక్కువ తయారు చేసుకుంటున్నప్పుడు చర్మం మీద పడే గుర్తు. డీ విటమిన్ అంకె కన్నా ముందు అడగాల్సింది దాని గురించి. పిల్లల ఒంటి మీద అంత స్పష్టంగా రాసి ఉన్నదాన్ని వదిలేసి కాగితం మీది అంకె చుట్టూ తిరుగుతున్నామే అని నాకు బాధ.

అయితే బరువు తగ్గించనప్పుడు మందెందుకు? ఎముక కోసం. పదకొండేళ్ల నుంచి పద్దెనిమిది దాకా ఎముక తన జీవితకాలపు పెట్టుబడిని కూడబెట్టుకుంటుంది. ఆ ఎముక మీద మామూలు కన్నా పాతిక కిలోలు అదనంగా మోపి, పైగా కాల్షియం లోపలికి రాకుండా చేస్తే నొప్పులు రావడంలో వింత లేదు. లోపం ముదిరితే రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు, కండరాల నీరసం. కాబట్టి లోపం ఉన్న బొద్దు పిల్లకు మందు ఇవ్వాల్సిందే, అదీ సన్నటి పిల్లకు ఇచ్చినంత ఇస్తే చాలదు. ఎండోక్రైన్ సొసైటీ 2011లో స్థూలకాయం ఉన్న పిల్లలకు వయసుకు తగ్గ మోతాదుకు రెండు మూడు రెట్లు కావాలంది. పులుసు గుండిగ లెక్కే అది.

ఇక మోతాదుల గందరగోళం. మామూలుగా ఏడాది లోపు బిడ్డకు రోజుకు 400 యూనిట్లు, ఆపైన పద్దెనిమిదేళ్ల దాకా 600 యూనిట్లు అవసరం. మైక్రోగ్రాముల్లో రాసి ఉంటే 40తో హెచ్చించాలి: 15 మైక్రోగ్రాములంటే 600 యూనిట్లు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజూ దీర్ఘకాలం ఇవ్వగల పై హద్దు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 3,000, తొమ్మిది దాటితే 4,000 యూనిట్లు. ఇప్పుడు మందుల షాపులో చీటీ లేకుండానే చేతిలో పెట్టే 60,000 యూనిట్ల సాచెట్‌ను తీసుకోండి. వారానికొకటి అంటే రోజుకు 8,500 పైచిలుకు. లోపం పూడ్చడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు డాక్టరు రాస్తే అది వైద్యం. ఆ తర్వాత కూడా 'బలానికి మంచిదేగా' అని ఆరు నెలలు లాగిస్తే హద్దుకు రెండింతలు. నెలకొకటి అయితే రోజుకు 2,000 పడుతుంది. వారం, నెల అన్న ఒక్క మాట తేడాతో మోతాదు నాలుగింతలు మారిపోతుంది. చీటీ మీద వారానికి అని రాస్తే రోజూ తాగించిన ఇళ్లు కూడా ఉన్నాయి.

మోతాదు మించితే ఏమవుతుంది? రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఆకలి పోవడం, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ముదిరితే మూత్రపిండాల్లో రాళ్లు, దెబ్బ. ఎండ వల్ల ఎప్పుడూ విషం కాదు, చర్మం తనకు ఎక్కువైనదాన్ని తానే విరగ్గొట్టుకుంటుంది. నోటి ద్వారా పోసినదానికి ఆ కాపలా లేదు. ఆరు లక్షల యూనిట్ల ఇంజక్షను ఒక్కటి పొడిపించుకుంటే పనైపోతుందని అడిగేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఒకసారి లోపలికి వెళ్లాక దాన్ని వెనక్కి తీయలేం. రోజూ కొంచెం, లేదా వారం లెక్కన నోటి ద్వారా ఇవ్వడమే పిల్లలకు క్షేమం. చంటిబిడ్డల చుక్కల మందులోనూ జాగ్రత్త: కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకు 400, కొన్నిట్లో 800 ఉంటుంది. సీసా మారినప్పుడల్లా చదవాలి. మందు కొవ్వులో కరిగేది కాబట్టి పరగడుపున కాక అన్నం తిన్నాక ఇవ్వడం మేలు.

డీ విటమిన్ తలుపు తీసేదే, లోపలికి రావాల్సింది కాల్షియం. పది నుంచి పన్నెండేళ్ల పిల్లకు రోజుకు 850 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పావు లీటరు పాలలో సుమారు 300. యాభై గ్రాముల రాగిపిండిలో 180. రాగిలో ఉండే ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని కొంత పట్టేసుకుంటుంది, మన పెద్దోళ్లు చేసినట్టు రాత్రి పులియబెట్టి అంబలి కాస్తే ఆ పట్టు సడలుతుంది. బెల్లం గుమ్మరించొద్దు, మజ్జిగ కలపండి, బరువు సంగతి కూడా చూసుకోవాలి కదా. మా ప్రాంతపు గర్వం రొయ్యల్లో డీ విటమిన్ దాదాపు లేదు. కవళ్లు, కానాగంతల లాంటి నూనె చేపల్లో ఉంది, అదీ పులుసు పెడితేనే, నూనెలో వేయిస్తే బరువు లెక్క చెడుతుంది. గుడ్డు సొనలో సుమారు 40 యూనిట్లు. ప్లస్ ఎఫ్ గుర్తున్న, అంటే విటమిన్లు కలిపిన, పాల ప్యాకెట్టు కొంటే గ్లాసుకు 40 నుంచి 60 యూనిట్లు వస్తాయి. అన్నీ కలిపినా తిండితో 600 చేరడం కష్టం, లోపం పూడ్చడం అసలు కుదరదు.

మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి. పిల్లల కాళ్లు వంకర పోతుంటే అదంతా డీ విటమిన్ ఖాతాలో వేయకండి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఈనాటిది కాదు. ఈ తాలూకాలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు ఇక్కడి మనుషుల ఎముకల మీద దాని దెబ్బను నమోదు చేశారు. 1970లో ఇవి కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి వెళ్లాయి, 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది, నీళ్లు మాత్రం అవే. కాల్షియం తక్కువ తినే పిల్లకు ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే డాక్టరు అడగకపోయినా ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో చెప్పండి. రెండోది, బొద్దుగా ఉన్న పది–పదిహేనేళ్ల పిల్లలు మోకాలి నొప్పి అంటూ కుంటుతుంటే తప్పు తుంటిలో ఉండొచ్చు. తొడ ఎముక తల తన చోటు నుంచి జారడం ఈ వయసు బరువైన పిల్లల్లోనే ఎక్కువ, నొప్పి మాత్రం మోకాట్లో చూపిస్తుంది. దానికి సాచెట్లు తాగిస్తూ కూర్చుంటే కాలు పోతుంది. తుంటి ఎక్స్‌రే ఆ రోజే తీయించాలి.

మా చిన్నదానికి తుంటి బాగానే ఉంది. డాక్టరు ఎనిమిది వారాల మందు, దాని తర్వాత రోజువారీ చిన్న మోతాదు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష రాశారు. షుగరు, కాలేయం పరీక్షలు కూడా చేయించమన్నారు. అక్క గోడ క్యాలెండరు మీద ఎనిమిది ఆదివారాలకు సున్నాలు చుట్టింది, తొమ్మిదో ఆదివారం మీద ఇంటూ కొట్టింది.

మొన్న మళ్లీ ఫోన్ చేసింది. "పెద్దోడు సన్నంగా ఉండాడు గదా, వాడికి కూడా వారానికొకటి తాగించేదా? పెట్టెలో మిగిలుండాయి" అంది. వద్దన్నాను. వాడి ఒళ్లు చిన్న గిన్నె, సెలవురోజుల్లో పదకొండు గంటలప్పుడు కూడా వీఆర్సీ గ్రౌండులోనే ఉంటాడు. వాడికి రోజుకొక గుడ్డు, రెండు గ్లాసుల పాలు పెట్టు, మరీ అనుమానమైతే డాక్టరునడిగి రోజుకు 600 యూనిట్ల మాత్ర వెయ్యి అని చెప్పాను. మిగిలిన సాచెట్లు ఎక్కడ పెట్టావని అడిగితే ఫ్రిజ్ మీద అంది. చిన్నదానికి ఆ తీపి రుచి ఇష్టమంట. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసిందాకా ఫోన్ పెట్టలేదు నేను.